బెంగళూరు శివార్లలో ధర ముందు వస్తోంది, నీళ్లు తర్వాత

క్లుప్తంగా: బెంగళూరు శివార్లలో ఇళ్ల ధరలు పెరగడానికి ఆఫీసులు, మెట్రో, చవకైన అప్పు, భూమి ధర కారణాలు. ఒక ప్రాంతానికి మంచి పేరు రావడానికి ఆఫీసుకు దారి సుగమమైతే చాలు. కానీ అక్కడ కాపురానికయ్యే ఖర్చును తేల్చేవి నీళ్లు, మురుగు, వాననీటి కాలువలు. దారికీ నీళ్లకీ మధ్య ఏళ్ల తరబడి అంతరం ఉంటోంది. ఆ అంతరం చదరపు అడుగు ధరలో కనపడదు, నెలనెలా మెయింటెనెన్స్ బిల్లులో కనపడుతుంది.

2022 సెప్టెంబరు వానలకు బెల్లందూరు, యమలూరు, సర్జాపూర్ రోడ్డు మునిగాయి. కోట్ల విలువైన విల్లాల నుంచి జనాన్ని ట్రాక్టర్ల మీద బయటికి తీసుకొచ్చారు. ఏడాదిన్నర తిరక్కుండానే, 2024 మార్చిలో, ఆ తూర్పు వైపే బోర్లు ఎండిపోయి అపార్టుమెంట్లలో నీళ్లకు వంతులు పెట్టుకున్నారు. తాగునీటితో కారు కడిగితే 5,000 రూపాయల జరిమానా అని జలమండలి ప్రకటించింది. ఇన్ని జరిగినా అక్కడ ఇళ్ల ధరలు తగ్గలేదు, పెరిగాయి. ముంపు, నీటి కరువు రెండూ చూసిన చోట ధర ఎందుకు పెరుగుతోందన్నది మారతహళ్లి నుంచి హొస్కోటె దాకా ఇల్లు వెతుక్కుంటున్న చాలా తెలుగు కుటుంబాలను తికమక పెడుతున్న ప్రశ్న. జనం వెర్రి అని కొట్టిపారేస్తే జవాబు దొరకదు. ధర ఒక లెక్క మీద నడుస్తోంది, ఇంటి ఖర్చు ఇంకో లెక్క మీద నడుస్తోంది.

పేర్లు ఎలా మారాయి

వైట్‌ఫీల్డ్ పుట్టుకే శివారుగా. 1882లో మైసూరు మహారాజు చామరాజ ఒడెయార్ ఆంగ్లో ఇండియన్ల సంఘానికి ఇచ్చిన భూమిలో వెలసిన వ్యవసాయ కాలనీ అది. వందేళ్లకు పైగా తోటలు, పెంకుటిళ్లు, రిటైరైన కుటుంబాలతో నిదానంగా బతికింది. 1990ల చివర ఐటీపీఎల్ అనే ఐటీ పార్కు వచ్చాక ఉద్యోగాల కేంద్రమైంది. కానీ రోడ్లు ఆ పాత కాలనీ నాటివే కావడంతో తర్వాతి ఇరవై ఏళ్లు వైట్‌ఫీల్డ్ అంటే ట్రాఫిక్ అనే పేరు స్థిరపడిపోయింది. 'అక్కడ ఆఫీసున్నవాళ్లకే అక్కడ ఇల్లు' అన్న మాట అలా వచ్చింది. 2023లో మెట్రో రావడంతో ఆ మాటకు కాలం చెల్లింది. నగరం నడుమ మెజెస్టిక్ దగ్గర పనిచేసేవారూ వైట్‌ఫీల్డ్ పక్కనున్న కాడుగోడిలో ఇల్లు చూడటం మొదలుపెట్టారు.

ఎలక్ట్రానిక్ సిటీ కథ వేరు. 1970ల చివర కియోనిక్స్ సంస్థ 332 ఎకరాల్లో వేసిన పారిశ్రామికవాడ అది. అక్కడ ఇల్లంటే దూరం, చవక, కుర్రాళ్ల పీజీలు అనే ముద్ర ఉండేది. 2010లో దాదాపు పది కిలోమీటర్ల టోల్ ఫ్లైఓవర్ వచ్చినా సిల్క్ బోర్డు కూడలి దగ్గర మళ్లీ ఆగాల్సిందే కాబట్టి ఆ ముద్ర పోలేదు. 2025 ఆగస్టులో ఆర్వీ రోడ్డు నుంచి బొమ్మసంద్ర దాకా 19 కిలోమీటర్ల ఎల్లో లైను ఆ కూడలి మీదుగానే రావడంతో ఇప్పుడు ముద్ర సడలుతోంది.

దేవనహళ్లి అంటే ఒకప్పుడు చకోత (పంపర పనస) తోటలు, టిప్పు పుట్టిన కోట. 2008 మేలో విమానాశ్రయం మొదలయ్యాక ఉత్తరం వైపు మొత్తానికి 'రేపటి బెంగళూరు' అన్న పేరు వచ్చింది. కెంగేరికి వృషభావతి నది కంపు చెడ్డపేరు తెచ్చింది. 2021లో మెట్రో, 2023లో మైసూరు ఎక్స్‌ప్రెస్‌వే వచ్చాక ఆ పేరు చాలావరకు మరుగున పడింది. నది మాత్రం బాగుపడలేదు.

బెల్లందూరు వీటన్నిటికీ భిన్నం. 2015 నుంచి 2018 మధ్య ఆ చెరువు నురగ కక్కింది, మంటలు లేచాయి, ప్రపంచమంతా ఆ ఫొటోలు చూసింది. అయినా సిల్క్ బోర్డు నుంచి కె.ఆర్. పురం దాకా ఉన్న 17 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు పొడవునా ఆఫీసులే. ఆఫీసుకు పది నిమిషాల దూరంలో ఉండే అవకాశం ముందు చెరువు కంపు ఓడిపోయింది. ఇక్కడి మార్కెట్లో ప్రయాణ సమయానికి ఉన్నంత విలువ మరి దేనికీ లేదు. పేర్లు మారిన వరస చూస్తే ఇదే తేలుతుంది.

ధర పెరిగిందంటే ఎవరి ధర?

'ఈ ఏరియాలో ధర ఇరవై శాతం పెరిగింది' అనే మాటలో మూడు వేర్వేరు ధరలు కలిసిపోతుంటాయి. మొదటిది బిల్డర్ లాంచ్ ధర. ముందు ఈఓఐ (కొనే ఆసక్తి ఉందని తెలిపే పత్రం) పేరుతో చిన్న మొత్తాలు తీసుకుని, ఎంతమంది ముందుకొచ్చారో చూసి మొదటి టవర్‌కు ధర పెడతారు. రెండో టవర్‌కు దాన్ని పెంచుతారు. మొదటి టవర్‌లో కొన్నవారికి తమ ఫ్లాటు విలువ పెరిగినట్టు అనిపిస్తుంది. కానీ ఆ ధరకు వాళ్ల దగ్గర ఎవరైనా కొన్నప్పుడే అది నిజం. రెండోది వెబ్‌సైట్లలో అమ్మకందారు అడిగే ధర. బేరం అయ్యేసరికి అది తగ్గుతుంది. మూడోది రిజిస్టరైన ధర. కొనేవారికి పనికొచ్చేది ఇదొక్కటే. అదే అపార్టుమెంటులో గత ఆరు నెలల్లో ఎన్ని పాత ఫ్లాట్లు ఎంతకు రిజిస్టరయ్యాయో అసోసియేషన్ వాళ్లనో, ఆ బ్లాకుకు లోన్లిచ్చిన బ్యాంకు వాల్యుయేషన్ అధికారినో అడిగితే తెలుస్తుంది.

వీటికి తోడు ప్రభుత్వ గైడెన్స్ వాల్యూ ఉంది. కర్ణాటకలో 2023 అక్టోబరు 1న దాన్ని భారీగా సవరించారు. స్టాంపు డ్యూటీ లెక్కకు అదే కనీస విలువ. దానికంటే పది శాతానికి మించి తక్కువకు కొంటే ఆదాయపు పన్ను లెక్కలోనూ ఆ తేడా ఆదాయంగా మీద పడుతుంది. అందుకే గైడెన్స్ వాల్యూ పెరిగిన చోట తెల్లడబ్బు వాటా పెరిగి, కాగితం మీది ధరలు ఒక్కసారిగా ఎగసినట్టు కనిపిస్తాయి.

ఒక ఉదాహరణ. సూపర్ బిల్టప్ (గోడలు, ఉమ్మడి స్థలాల వాటా కలిపి) 1,500 చదరపు అడుగుల ఫ్లాటు, అడుగు 9,000 రూపాయల చొప్పున కోటి 35 లక్షలు అనుకుందాం. గోడల లోపల వాడుకునే కార్పెట్ ఏరియా డెబ్బై శాతమైతే 1,050 అడుగులు. అంటే అసలు ధర అడుగుకు 12,857 రూపాయలు. పక్క ప్రాజెక్టులో అదే ధరకు కార్పెట్ అరవై ఐదు శాతమే ఇస్తే అది 13,846 అవుతుంది. బోర్డు మీద రెంటికీ ఒకే ధర ఉంటుంది. కట్టుబడిలో ఉన్న ఫ్లాటుకు జీఎస్టీ ఐదు శాతం, 6 లక్షల 75 వేలు. నగర పరిధిలో స్టాంపు డ్యూటీ సెస్సులతో 5.6 శాతం. రిజిస్ట్రేషన్ ఫీజు 2025 ఆగస్టు 31న ఒక శాతం నుంచి రెండు శాతానికి పెరిగింది. ఈ రెండూ కలిపి 10 లక్షల 26 వేలు. కోటి 35 లక్షల ఇల్లు చేతికొచ్చేసరికి కోటి 52 లక్షలవుతుంది. నెలకు 45,000 అద్దె వస్తే ఏడాదికి రాబడి మూడున్నర శాతం. అందులోంచి మెయింటెనెన్స్, ఆస్తి పన్ను తీసేయాలి. అద్దె ఇంతే వస్తున్నప్పుడు ఇల్లు కొనడాన్ని సమర్థించేది ధర ఇంకా పెరుగుతుందన్న నమ్మకమే. ఆ నమ్మకాన్ని నిలబెట్టేది ప్రాంతం పేరు.

భూమి ధర ఫ్లాటులోకి ఎలా వస్తుంది

ఎకరం అంటే 43,560 చదరపు అడుగులు. రోడ్డు వెడల్పును బట్టి కట్టుబడి నిష్పత్తి (స్థలానికి ఎన్ని రెట్లు కట్టొచ్చన్నది, ఎఫ్ఎస్ఐ) 2.25 అనుకుంటే సుమారు 98,000 అడుగులు కట్టొచ్చు. ఎకరం 20 కోట్లయితే కట్టే ప్రతి అడుగు మీద భూమి భారం దాదాపు 2,040 రూపాయలు. ఎకరం 30 కోట్లయితే 3,060. సిమెంటు, ఇనుము, కూలీ ఏమీ మారకుండానే అడుగుకు వెయ్యి పెరిగింది. ఆ భారాన్ని మోయాలంటే బిల్డర్ చిన్న రెండు పడకగదుల ఇళ్లు మానేసి, క్లబ్‌హౌస్ పెట్టి, మూడు నాలుగు గదుల 'ప్రీమియం' ఇళ్లు కడతాడు. అప్పుడు ఆ ప్రాంతపు సగటు ధర ఇంకా పెరిగినట్టు లెక్కల్లో తేలుతుంది. నిజానికి జరిగింది చవక ఇల్లు మార్కెట్లోంచి మాయం కావడం. మధ్యతరగతికి ఇది ధర పెరగడం కంటే పెద్ద దెబ్బ.

హైదరాబాద్‌తో పోల్చే తెలుగువారికి ఇక్కడ తేడా అర్థం కావాలి. హైదరాబాద్‌లో 2006 నుంచి కట్టుబడి నిష్పత్తికి పరిమితి లేదు, రోడ్డు వెడల్పు, సెట్‌బ్యాక్‌లు ఉంటే ఎత్తుకు ఎత్తు కట్టొచ్చు. 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు నగరం కంటే ముందుగా బయటికి వెళ్లి, కొత్త భూమిని ఆఫీసులకు దగ్గర చేసింది. బెంగళూరులో రింగ్ రోడ్డు అంటే సిగ్నళ్లు, సర్వీసు రోడ్లు ఉన్న నగర వీధే. దాని బయట వేయాల్సిన పెరిఫెరల్ రింగ్ రోడ్డుకు 2005లో నోటిఫికేషన్ ఇచ్చారు. ఇరవై ఏళ్లు గడిచినా రోడ్డు లేదు, పేరు మాత్రం బెంగళూరు బిజినెస్ కారిడార్‌గా మారింది. దానికింద ఇరుక్కున్న భూములు అమ్ముకోలేక, కట్టుకోలేక యజమానులు ఉండిపోయారు. బయటి భూమికి దారి లేనప్పుడు దారి ఉన్న కొద్ది భూమి ధర కొండెక్కక మానదు.

అప్పు ధర కూడా తన వంతు చేసింది. 2025లో రిజర్వు బ్యాంకు రెపో రేటు 6.5 నుంచి 5.25 శాతానికి దిగింది. ఆ తగ్గింపు అంతా చేరి గృహరుణం 8.75 నుంచి 7.5 శాతానికి తగ్గిందనుకుంటే, 80 లక్షలకు ఇరవై ఏళ్ల ఈఎంఐ 70,700 నుంచి 64,450కి దిగుతుంది. పాత ఈఎంఐతోనే సుమారు 87 లక్షల 70 వేలు అప్పు పుడుతుంది. ఇళ్లు తక్కువ, కొనేవాళ్లు ఎక్కువ ఉన్న చోట ఈ ఏడెనిమిది లక్షల మిగులు కొనేవారి జేబులో ఉండదు, అమ్మేవారి ధరలో కలిసిపోతుంది.

ఒకే మెట్రోకి మూడుసార్లు

మెట్రో ప్రకటించినప్పుడు ఒకసారి, పిల్లర్లు లేచినప్పుడు రెండోసారి, రైలు నడిచినప్పుడు మూడోసారి ధర పెరుగుతుంది. మొదటి రెండుసార్లు కొన్నవారు రాబోయే సౌకర్యానికి ముందే డబ్బు కట్టినట్టు. గడువులు జరిగినప్పుడు ఆ డబ్బు మీద వడ్డీ వాళ్లదే.

రైలు మొదలైన రోజుకూ అది ఉపయోగపడే రోజుకూ కూడా తేడా ఉంటుంది. వైట్‌ఫీల్డ్ లైను 2023 మార్చిలో కె.ఆర్. పురం దాకా మొదలైంది. బైయప్పనహళ్లికి కలిపే రెండు కిలోమీటర్ల ముక్క అదే ఏడాది అక్టోబరు 9 దాకా రాలేదు. ఆ ఆరు నెలలూ ప్రయాణికులు మధ్యలో దిగి బస్సెక్కారు. ఎల్లో లైను మూడు రైళ్లతో, ఇరవై ఐదు నిమిషాలకొకటిగా మొదలైంది. 2025 ఫిబ్రవరిలో గరిష్ఠ టికెట్టు 60 నుంచి 90 రూపాయలకు పెరిగింది. ఇద్దరు ఉద్యోగులున్న ఇంట్లో రోజూ రానూపోనూ లెక్కేస్తే ఇది చిన్న మొత్తం కాదు.

బ్రోచర్‌లో 'మెట్రోకి ఐదు నిమిషాలు' అని ఉంటే నడకలో చూసుకోవాలి. మామూలు నడక నిమిషానికి 80 మీటర్లు, ఐదు నిమిషాలంటే 400 మీటర్లు. కిలోమీటరు దాటితే ఆటోనో సొంత బండో కావాలి, స్టేషన్ దగ్గర పార్కింగ్ ఉందా అన్నది ప్రశ్న అవుతుంది. సిల్క్ బోర్డు నుంచి విమానాశ్రయం దాకా 58 కిలోమీటర్ల బ్లూ లైను పేరు మీద హెబ్బాళ, యలహంక, దేవనహళ్లి వైపు ఇప్పటికే లాంచ్ ధరలు కట్టేశారు.

ప్రకటన వెనక్కి కూడా పోవచ్చు. దేవనహళ్లి తాలూకా చన్నరాయపట్టణ హోబళిలో (తాలూకాలో కొన్ని గ్రామాల విభాగం) ఏరోస్పేస్ పార్కు కోసం 1,777 ఎకరాలు సేకరించాలన్న ప్రతిపాదనను, రైతుల సుదీర్ఘ పోరాటం తర్వాత, 2025 జులైలో ప్రభుత్వం విరమించుకుంది. రైతులకు అది న్యాయమైన విజయం. ఆ పార్కును చూపించి చుట్టుపక్కల అమ్మిన ప్లాట్ల ధరలో మాత్రం ఆ ఊహ అలాగే ఉండిపోయింది.

నీళ్ల లెక్క

శివార్ల అసలు కథ ఇక్కడ ఉంది. 2007లో పాత నగరపాలికకు ఏడు పురసభలు, కెంగేరి పట్టణం, 110 గ్రామాలు కలిపి బృహత్ బెంగళూరు చేశారు. ఆ గ్రామాలకు కావేరి నీళ్లివ్వడానికి ఉద్దేశించిన ఐదో దశ, రోజుకు 77 కోట్ల 50 లక్షల లీటర్ల పథకం, 2024 అక్టోబరు 16న ప్రారంభమైంది. కలపడానికీ నీళ్లివ్వడానికీ మధ్య పదిహేడేళ్లు. ఆ పదిహేడేళ్లలోనే ఐటీ శివారు మొత్తం బోర్ల మీద, ట్యాంకర్ల మీద లేచింది. కావేరి నీరు వంద కిలోమీటర్ల దూరం నుంచి, ఎత్తైన పీఠభూమి మీదికి పంపులతో తోడితే వస్తుంది. కాబట్టి ఆ నీరు ఎప్పటికీ చవక కాదు.

రోడ్డు కింద గొట్టం పడితే ఇంట్లో నీళ్లొచ్చినట్టు కాదు. అపార్టుమెంటు దరఖాస్తు పెట్టాలి, ప్రో రేటా చార్జీలు (భవన విస్తీర్ణాన్ని బట్టి వేసేవి) కట్టాలి, రోడ్డు తవ్వడానికి అనుమతి తేవాలి, సంపులోకి మీటరు పెట్టించాలి. ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ (ఆమోదించిన ప్లాను ప్రకారం కట్టారని, కాపురం ఉండొచ్చని ఇచ్చే పత్రం), అంటే ఓసీ లేని భవనాలు ఇక్కడే చిక్కుకుంటాయి. కనెక్షన్ వచ్చినా వారానికి ఎన్ని రోజులు, ఎన్ని గంటలు వదులుతారన్నది వీధిని బట్టి మారుతుంది.

200 ఫ్లాట్ల అపార్టుమెంటు తీసుకుందాం. ఫ్లాటుకు ముగ్గురు, మనిషికి రోజుకు 135 లీటర్లు అనే ప్రామాణిక లెక్కతో రోజుకు 81,000 లీటర్లు కావాలి. 12,000 లీటర్ల ట్యాంకర్లు ఏడు. 2024 మార్చిలో జిల్లా యంత్రాంగం ఐదు కిలోమీటర్ల లోపు అలాంటి ట్యాంకరుకు పెట్టిన గరిష్ఠ ధర 1,000 రూపాయలు. ఆ లెక్కన రోజుకు 7,000, నెలకు 2 లక్షల 10 వేలు, ఫ్లాటుకు 1,050. ట్యాంకరు 1,500 పలికితే ఫ్లాటుకు 1,575. వేసవిలో ధర, ట్యాంకర్ల సంఖ్య రెండూ ఒకేసారి పెరుగుతాయి కాబట్టి బిల్లు రెట్టింపు కావడం వింతేమీ కాదు.

ఇదే భవనంలో జంట పైపులైన్లు ఉండి, టాయిలెట్ ఫ్లష్‌కు శుద్ధి చేసిన మురుగునీరు వాడితే మనిషికి 45 లీటర్లు మిగులుతాయి. మంచినీటి అవసరం 54,000 లీటర్లకు దిగుతుంది, ట్యాంకర్లు ఏడుకు బదులు నాలుగున్నర. అందుకే ఎస్టీపీ (మురుగునీటి శుద్ధి ప్లాంటు) బాగా నడిచే పాత అపార్టుమెంటు, నడవని కొత్త అపార్టుమెంటు కంటే నిజంగా చవక. ఈ తేడాను ధరలో చూపించే బ్రోకరు అరుదు.

ఎస్టీపీలు ఎందుకు పాడవుతాయన్నది తెలుసుకోదగ్గ విషయం. మురుగును తినే బాక్టీరియాకు బ్లోయర్ల ద్వారా గాలి అందుతూ ఉండాలి. కరెంటు బిల్లు తగ్గుతుందని రాత్రిళ్లు బ్లోయర్ ఆపేస్తే బాక్టీరియా చచ్చి ట్యాంకు కుళ్లుతుంది, ఫ్లష్‌లోకి నల్లటి నీరు, కంపు వస్తాయి. ఇంకో సమస్య హ్యాండోవర్ అప్పుడు వస్తుంది. 200 ఫ్లాట్లకు కట్టిన ప్లాంటుకు మొదటి ఏడాది నలభై ఫ్లాట్ల మురుగే అందుతుంది. అంత తక్కువతో అది నిలదొక్కుకోదు. తీరా ఇళ్లు నిండేసరికి పరికరాల వారంటీ అయిపోతుంది, మరమ్మతు ఖర్చు అసోసియేషన్ మీద పడుతుంది. ఇల్లు చూడటానికి వెళ్లినప్పుడు క్లబ్‌హౌస్ కంటే ముందు నేలమాళిగలో ప్లాంటు గది తలుపు తీయించి చూడాలి. లోపల బ్లోయర్ మోత వినబడుతుంటే, మట్టి వాసన తప్ప కంపు లేకుంటే అది నడుస్తున్నట్టు.

బోరు నీటికి ఇంకో ఖర్చుంది. ఇక్కడ కింద ఉన్నది గట్టి రాయి. పగుళ్లలో ఉన్న నీరే నీరు. తూర్పు వైపు వెయ్యి అడుగులు దాటి వేసిన బోర్లు మామూలైపోయాయి. అంత లోతు నీటిలో లవణాల శాతం ఎక్కువ. సాఫ్ట్‌నర్ ప్లాంటు, దానికి నెలనెలా ఉప్పు బస్తాలు, అయినా గీజర్ కాయిల్‌కు తెల్లగా పేరుకునే పొర తప్పవు.

వాన పడినప్పుడు

బెంగళూరుకు పెద్ద నది లేదు, గొలుసుకట్టు చెరువులున్నాయి. పై చెరువు నిండితే రాజకాలువె (వాననీటి పెద్ద కాలువ) గుండా కింది చెరువుకు పోవాలి. కోరమంగల, చల్లఘట్ట లోయ నీరంతా బెల్లందూరుకు, అక్కడి నుంచి వర్తూరుకు, ఆపైన దక్షిణ పినాకినికి చేరుతుంది. మధ్యలో కాలువను మళ్లించినా, ఇరుకు చేసినా, చెరువు శిఖంలో లేఅవుట్ వేసినా నీరు తన పాత దారి వెతుక్కుంటుంది. 2022లో మునిగినవి చాలావరకు అలాంటి పల్లపు చోట్లే.

2015 మాస్టర్ ప్లాన్ ప్రకారం చెరువు చుట్టూ 30 మీటర్లు, రాజకాలువెలకు స్థాయిని బట్టి మధ్య నుంచి 50, 25, 15 మీటర్లు వదలాలి. 2016లో హరిత ట్రిబ్యునల్ చెరువుకు 75 మీటర్లు అన్నది, 2019 మార్చిలో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసి మళ్లీ మాస్టర్ ప్లాన్ దూరాలకే వచ్చింది. నియమం మారినా పల్లం మారదు. సర్వే శాఖ పాత గ్రామ పటంలో ఆ సర్వే నంబరు పక్కన చెరువు, హళ్ల (వాగు) గీతలు ఉన్నాయేమో చూడాలి. పహాణీలో 'బీ ఖరాబు' అని ఉన్న గుంటలు వాగు, దారి వంటి ప్రభుత్వ భూమి. ప్రాజెక్టు ప్లానులో అవి ఏమయ్యాయో అడగాలి.

బ్రోచర్‌లో ఒక ఊరు, పత్రంలో ఇంకో ఊరు

మంచి పేరు వచ్చిన ప్రాంతం మ్యాపు మీద పెరుగుతూ పోతుంది. 'వైట్‌ఫీల్డ్ ఎక్స్‌టెన్షన్', 'ఆఫ్ సర్జాపూర్ రోడ్' అనే పేర్ల కింద పది కిలోమీటర్ల అవతలి గ్రామాలూ అమ్ముడవుతాయి. నిజం సేల్ డీడ్ షెడ్యూల్‌లో ఉంటుంది. వైట్‌ఫీల్డ్ అంటే కె.ఆర్. పురం హోబళి, బెంగళూరు తూర్పు తాలూకా అని ఉండాలి. దానికి బదులు అనుగొండనహళ్లి హోబళి, హొస్కోటె తాలూకా అని ఉంటే మీరు కొంటున్నది వేరే జిల్లాలో. చెడ్డ చోటు అని కాదు. నీళ్లు, చెత్త, రోడ్డు, ఖాతా అన్నీ వేరే పాలకమండలి చేతిలో ఉంటాయి, ధర మాత్రం వైట్‌ఫీల్డ్‌ది కట్టినట్టవుతుంది.

ఖాతా అనేది పన్ను రికార్డు, హక్కు పత్రం కాదు. అయినా ఇప్పుడు ఇ-ఖాతా లేకుండా రిజిస్ట్రేషన్ జరగదు. బీ ఖాతా అంటే ఆమోదంలో ఏదో లోపం ఉన్నట్టు. ప్రభుత్వ రంగ బ్యాంకులు అప్పుకు వెనకాడతాయి, మళ్లీ అమ్మేటప్పుడు కొనేవారు తగ్గుతారు. పంచాయతీ పరిధిలో ఫారం 9తో పాటు 11ఏ ఉందా, 11బీ ఉందా అన్నది అదే తేడా. 2024 డిసెంబరులో సుప్రీంకోర్టు ఓసీ లేని భవనాలకు కరెంటు, నీళ్లు ఇవ్వొద్దన్నాక శివార్లలో కొత్తగా ఇల్లు కట్టుకున్నవారు చాలామంది కరెంటు మీటరు కోసం ఆగిపోయారు. దళితులకు ప్రభుత్వం ఇచ్చిన భూమైతే 1978 నాటి పీటీసీఎల్ చట్టం కింద అనుమతి లేని అమ్మకం చెల్లదు. 2023 సవరణ తర్వాత ఆ భూమిని తిరిగి అడగడానికి కాలపరిమితి కూడా లేదు. మూల మంజూరు పత్రం దాకా వెనక్కి వెళ్లి చూడాల్సింది అందుకే. అది ఆ కుటుంబాలకు రావాల్సిన రక్షణ.

2020 సవరణతో రైతు కానివారూ కర్ణాటకలో పొలం కొనొచ్చు. అప్పటి నుంచి చిక్కబళ్లాపుర, గౌరిబిదనూరు వైపు 'ఫార్మ్ ప్లాట్లు' తెలుగు ప్రకటనల్లో జోరుగా కనిపిస్తున్నాయి. భూ మార్పిడి లేని పొలంలో కొన్న పావు ఎకరం పొలమే, ఇంటి స్థలం కాదు.

ఊరి దారి, కొలతలు

తెలుగు కుటుంబాల ఎంపికలో ఊరికెళ్లే దారికి గట్టి పాత్ర ఉంది. హైదరాబాద్, కర్నూలు, అనంతపురం వైపు వారికి హెబ్బాళ, యలహంక, దేవనహళ్లి, బాగేపల్లి మీదుగా పోయే 44వ నంబరు రహదారి. చిత్తూరు, తిరుపతి వైపు వారికి కె.ఆర్. పురం, హొస్కోటె, కోలారు, ముళబాగిలు. చిత్తూరు జిల్లా మీదుగా పోయే చెన్నై ఎక్స్‌ప్రెస్‌వే కూడా హొస్కోటె దగ్గరే మొదలవుతుంది. పండగ ముందు రోజు సాయంత్రం టిన్ ఫ్యాక్టరీ దగ్గర ఇరుక్కున్నవారికి నగరం అంచున ఇల్లు ఎందుకు బాగుంటుందో చెప్పక్కర్లేదు.

కొలతలు మాత్రం తడబెడతాయి. ఇక్కడ సైటంటే 30 బై 40, అంటే 1,200 అడుగులు. మన లెక్కలో 133 గజాలు, రెండుముప్పావు సెంట్లు. గుంట అంటే 121 గజాలు.

ముందు ముందు

ఎలక్ట్రానిక్ సిటీ, బొమ్మసంద్రలో అద్దెలు ముందు కదులుతాయి, అమ్మకం ధరలు వెనకే వస్తాయి. అద్దె పెరగకుండా ధరే పెరిగితే అది కేవలం ఆశ మీద నిలబడ్డ ధర. ఉత్తరం వైపు బ్లూ లైను ఆలస్యమైన ప్రతి ఏడాదీ ముందే కొన్నవారికి నష్టం. కొత్తగా కొనేవారికి మాత్రం బేరానికి వీలు దొరుకుతుంది. వైట్‌ఫీల్డ్ లోపలి పదిహేను, ఇరవై ఏళ్ల అపార్టుమెంట్లలో భూమి వాటా, అంటే యూడీఎస్, కొత్త టవర్ల కంటే చాలా ఎక్కువ. భవనం పాతబడినా విలువ నిలిచేది ఆ వాటా వల్లే. వాటికి కావేరి కనెక్షన్ కూడా వస్తే కొత్తవాటికంటే అవే మేలైన కొనుగోలు కావొచ్చు.

2025 సెప్టెంబరు నుంచి బృహత్ బెంగళూరు స్థానంలో గ్రేటర్ బెంగళూరు అథారిటీ, ఐదు నగరపాలికలు వచ్చాయి. వైట్‌ఫీల్డ్ వైపున్న తూర్పు నగరపాలికకు ఐటీ పార్కుల పన్ను ఆదాయం దండిగా ఉంటుంది. ఆ డబ్బు కాలువలకు, మురుగు గొట్టాలకు వెళ్తుందా అన్నదే చూడాలి. సర్జాపుర వంటివి ఆ పరిధికి బయటే ఉన్నాయి. అక్కడ అపార్టుమెంట్లు వందల్లో లేస్తున్నా పాలన పల్లెకు తగ్గ సిబ్బందితోనే నడుస్తోంది. 110 గ్రామాలకు పట్టిన పదిహేడేళ్లు చూశాక, ఈ బయటి వలయానికి ఎంత పడుతుందో ముందే లెక్కేసుకుని ధర చెప్పడం కొనేవారి హక్కు.

అందుకు రెండు కాగితాలు చాలు. ఆ అపార్టుమెంటు అసోసియేషన్ గత ఏప్రిల్, మే నెలల ట్యాంకర్ బిల్లులు ఒకటి, సెప్టెంబరు, అక్టోబరుల్లో బేస్‌మెంటు నీళ్లు తోడించిన పంపు ఖర్చు రెండోది. పదేళ్లకు ఒక్కో ఫ్లాటుకు ఆ అదనపు ఖర్చెంతో లెక్కగట్టి అడిగే ధరలోంచి తీసేసి బేరం మొదలుపెట్టాలి. అసోసియేషన్ ఇంకా ఏర్పడని కొత్త ప్రాజెక్టయితే అదే వీధిలో ఐదేళ్లు నిండిన పక్క అపార్టుమెంటు బిల్లులు అడగాలి. రెంటి కిందా ఉన్నది అదే రాయి, రెంటి ముందూ ఉన్నది అదే కాలువ.